టోక్యోలో గెలిచిన ఆదివాసీ పిల్లోడు: 1968 నాటి ఒక నెల బాక్సింగ్ కథ



మన గ్రూపులో కొమురం భీమ్ గురించి, బిర్సా గురించి చాలానే రాసుకున్నాం. ఈసారి సముద్రం దాటి ఆస్ట్రేలియా ఆదివాసీల దగ్గరికి పోదాం. విషయం బాక్సింగ్. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

1968 ఫిబ్రవరి ఆఖరు నుంచి ఒక్క నెల తీసుకోండి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పెద్ద పెద్ద టైటిల్ పోటీలు ఆ రోజుల్లోనే జరిగాయి. మార్చి 4న న్యూయార్క్‌లో కొత్తగా కట్టిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రాత్రి రెండు టైటిళ్ళు తేలాయి. మిడిల్ వెయిట్‌లో ఇటలీ వాడు నీనో బెన్వెనూటీ ఎమిల్ గ్రిఫిత్‌ను ఓడించాడు. హెవీ వెయిట్‌లో జో ఫ్రేజియర్ 11వ రౌండ్‌లో బస్టర్ మాథిస్‌ను పడగొట్టాడు. అసలు ఆ హెవీ వెయిట్ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది? వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు అంతకుముందు ఏడాదే మహమ్మద్ అలీ దగ్గర టైటిల్ లాక్కున్నారు. రింగులో ఎవరూ ఓడించలేని మనిషిని రింగు బయట కూర్చోబెట్టారన్నమాట.

ప్రపంచం చూపంతా న్యూయార్క్ మీదే ఉంది. కానీ మనకు కావాల్సిన పోటీ దానికి ఆరు రోజుల ముందు, ఫిబ్రవరి 27న, జపాన్ రాజధాని టోక్యోలో అయిపోయింది. అందులో గెలిచిన కుర్రాడి పేరు లయోనెల్ రోజ్. వయసు 19 ఏళ్ళు.

రోజ్ 1948లో విక్టోరియా రాష్ట్రంలో పుట్టాడు. వారగల్ అనే ఊరికి దగ్గర్లో, అడవిలో జాక్సన్స్ ట్రాక్ అని ఒక ఆదివాసీ గూడెం ఉండేది. రంపపు మిల్లు పని చేసుకుంటూ గుడిసెల్లో బతికేవాళ్ళు. తర్వాత రోజుల్లో 'సంక్షేమం' పేరు చెప్పి ఆ జనాన్ని అక్కడి నుంచి తరలించారు. పోలవరం ముంపు మండలాల మిత్రులకు ఆ మాట అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు.

రోజ్ తండ్రి డేరా బాక్సర్. ఇదేంటో కాస్త చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఊరూరా జరిగే సంతలకు, ప్రదర్శనలకు బాక్సింగ్ డేరాలు వచ్చేవి. బయట మెట్టు మీద బాక్సర్లను వరసగా నిలబెట్టి, డప్పు కొట్టి, గంట మోగించి, 'వీళ్ళతో ఎవరు తలపడతారు రండి' అని జనాన్ని పిలిచేవాళ్ళు. జిమ్మీ షార్మన్ డేరా 1911 నుంచి 1971 దాకా ఇలా తిరిగింది. ఆ బాక్సర్లలో ఆదివాసీలు చాలామంది. తెల్లోడి మీద చెయ్యెత్తితే జైలుకు పంపే రోజుల్లో, డేరా లోపల మాత్రం కొట్టినందుకు డబ్బులిచ్చారు. ఒళ్ళు హూనమైంది వీళ్ళకి, లాభం డేరా ఓనర్‌కి. అయినా పిల్లలకు విద్య మిగిలింది. రోజ్ కూడా గ్లౌజులు లేక చేతులకు గుడ్డలు చుట్టుకుని తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత మెల్బోర్న్‌లో జాక్ రెన్నీ అనే కోచ్ ఇంట్లో ఉంటూ సాధన చేసి, 1964లో ప్రొఫెషనల్ అయ్యాడు.

టోక్యోలో ఎదురుగా ఉన్నది 'ఫైటింగ్' హరాడా, బాంటమ్ వెయిట్ ప్రపంచ చాంపియన్. బాంటమ్ అంటే 53 కిలోల పైచిలుకు బరువు. బ్రెజిల్ మహా బాక్సర్ ఎడెర్ జోఫ్రే తన జీవితం మొత్తంలో ఓడింది రెండే సార్లు, రెండూ ఈ హరాడా చేతిలోనే. పైగా పోటీ హరాడా సొంత గడ్డ మీద. అప్పట్లో టైటిల్ పోటీ అంటే 15 రౌండ్లు (ఇప్పుడు 12). చివరి గంట దాకా నిలబడి రోజ్ పాయింట్ల మీద గెలిచాడు. ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి ఆస్ట్రేలియా ఆదివాసీ ఇతనే.

తిరిగొచ్చేసరికి మెల్బోర్న్ వీధుల్లో లక్షకు పైగా జనం. అదే ఏడాది 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' పురస్కారం కూడా ఇచ్చారు. ఆదివాసీకి అది దక్కడం మొదటిసారి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ చప్పట్లు కొట్టిన దేశం అప్పటికి ఎలా ఉంది? జనాభా లెక్కల్లో ఆదివాసీలను కలపకూడదన్న రాజ్యాంగ నిబంధనను తీసెయ్యడానికి ఓటింగ్ పెట్టింది 1967 మే 27న. అంటే రోజ్ గెలవడానికి తొమ్మిది నెలల ముందు. 90 శాతం పైగా తీసెయ్యమన్నారు, నిజమే. కానీ ఉత్తరాన వేవ్ హిల్ పశువుల ఎస్టేట్‌లో గురిండ్జీ ఆదివాసీలు కూలీ కోసం, భూమి కోసం 1966లో మొదలుపెట్టిన సమ్మె అప్పటికింకా నడుస్తూనే ఉంది. వాళ్ళ చేతికి కొంత భూమి వచ్చింది 1975లో. ఒక్కణ్ణి భుజాల మీద ఎత్తుకోవడం తేలిక, జాతికి భూమి తిరిగివ్వడం కష్టం. మేరీ కోమ్ పతకం తెచ్చినప్పుడు మనమూ చూశాం. దేశమంతా ఆమె పేరు జపించింది. కానీ కోమ్ అనేది ఒక తెగ పేరని ఎంతమందికి తెలుసు?

రోజ్ టైటిల్‌ను మూడుసార్లు నిలబెట్టుకుని, 1969 ఆగస్టులో మెక్సికో వాడు రూబెన్ ఒలివారెస్‌కు పోగొట్టుకున్నాడు. మొత్తం 53 పోటీల్లో 42 గెలిచాడు. 2011లో చనిపోయాడు.

ఇంకొక్క సంగతి. 1996లో కేర్న్స్ పట్టణంలో ఆరేళ్ళ ఆదివాసీ పిల్లాడికి ఒకడు బడి ఆవరణలోనే నిప్పంటించాడు. ఒళ్ళంతా కాలి ఆసుపత్రిలో ఉన్న ఆ పిల్లాడికి రోజ్ తన ప్రపంచ టైటిల్ బెల్టు ఇచ్చేశాడు. అమ్ముకుంటే బోలెడు డబ్బొచ్చే వస్తువు అది. తమ జాతి బిడ్డకు ధైర్యం కావాలనుకున్నాడు, అంతే.

మన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉరికే పిల్లలు, విల్లు పట్టే పిల్లలు ఉన్నారు. వాళ్ళకు ఈ కథ చెప్పండి. గెలిచిన సంగతి ఒక్కటే కాదు, ఆ గూడెం ఏమైందో, ఆ బెల్టు ఎవరికి చేరిందో కూడా చెప్పండి. మీ తెగలో, మీ ఊళ్ళో పేరు రాని ఆటగాళ్ళుంటే కింద రాయండి, వాళ్ళ చరిత్ర మనమే రాసుకుందాం.

జై ఆదివాసీ!