నారికురుపు: రోగి జ్ఞానం, దిగుడు బావి

కర్నూలు, కడప జిల్లాల మెట్టగ్రామాలకు ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల వరకు నారికురుపు పరిచితమైన వ్యాధి. సాధారణంగా కాలిమీద పొక్కు లేచి, మంటపుట్టి పగులుతుంది. అందులోనుండి దాదాపు మీటరు పొడవుండే తెల్లని పురుగు వారాల తరబడి వెలికి వస్తుంది. నారి అంటే వింటితాడు. ఆయుర్వేదం దీనిని స్నాయుకమన్నది. స్నాయువు శరీరంలోని భాగమే. ఈ పురుగు పుట్టుకతోనే దేహంలో ఉంటుందన్న నమ్మకం నైజీరియాలోని యోరుబా ప్రజలలోనూ నమోదైంది. ఇవన్నీ కంటికి కనబడిన ఆకారం నుండి పుట్టిన భావనలు.

వైద్యశాస్త్రం చెప్పిన కారణం వేరు. నీటిలోని సైక్లాప్స్ అనే చిన్న జీవి ఈ పురుగు పిల్లలను మోస్తుందని రష్యా శాస్త్రవేత్త ఫెడ్చెంకో 1870 ప్రాంతంలో గుర్తించాడు. ఆ నీరు తాగిన దాదాపు ఏడాదికి గాని పొక్కు లేవదు. నిరుటి వేసవిలో తాగిన నీటికీ ఈ వేసవి పుండుకూ సంబంధముందంటే రోగి దేనిని చూసి నమ్మాలి? ఊరంతా తాగే బావి అదే. కురుపు లేచింది కొందరికే. ఈ అపనమ్మకాన్ని అజ్ఞానమని కొట్టివేయడం తొందరపాటు. పైగా ఈ పురుగును చంపే మందు గాని, టీకా గాని ఆసుపత్రిలోనూ లేవు. పురుగును పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకు కొంచెంగా లాగే నాటు పద్ధతినే ఆధునిక వైద్యమూ అనుసరించింది.

చిక్కు ఉపశమనం దగ్గర వచ్చింది. మండే కాలికి చన్నీరు హాయినిస్తుంది. ఆ కాలు నీటిని తాకగానే పురుగు లక్షల పిల్లలను వదులుతుంది. దిగుడు బావిలో నీటికోసం మెట్లు దిగిన మనిషికి కాలు తడవక తప్పదు. రోగి స్వానుభవంతో సరిచూసుకున్న ఉపశమనమే మరుసటి ఏడు ఇంటిల్లిపాదినీ మంచాన పడవేయగలిగేది.

1983-84లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం నీటిని బట్టతో వడగట్టమని బోధించింది. బావులలో టెమిఫాస్ మందు కలిపించింది. దిగుడు బావులను చేదబావులుగా మార్పించి, బోరింగులు వేయించింది. వీటిలో వడపోత ఒక్కటే ఇంటివారి నమ్మకం మీద, అదీ ప్రతి బిందెకూ, ఆధారపడింది. చేదబావి గట్టుమీద నిలబడినవాడు వ్యాధికి ఏ కారణం చెప్పుకున్నా అతని కాలు నీటిని తాకదు. నిర్మూలనను కేవలం ఆరోగ్యబోధ సాధించిన విజయంగా రాస్తే ఈ తేడా మరుగున పడుతుంది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. భారతదేశం ఈ వ్యాధి నుండి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించింది.