కదలని పులి

మా ఆఫీసులో ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఎవరో ఒకరు కెన్యా వెళ్లొస్తారు. మసాయి మారాలో నాలుగైదు రోజులు, అద్దెకి తీసుకున్న పెద్ద లెన్సు. తిరిగొచ్చాక ఇన్‌స్టాగ్రామ్‌లో వరసగా సింహం, చీతా, నది దాటుతున్న విల్డబీస్ట్ మంద. నేనూ వెళ్లొచ్చాను, నా ఫోటోలూ అచ్చం అలాగే ఉన్నాయి. అన్నట్టు, సఫారీ అనే స్వాహిలీ మాటా హైదరాబాదీలు రోజూ వాడే సఫర్ అనే మాటా ఒకే అరబ్బీ వేరు నుంచి వచ్చినవి. ప్రయాణం అనే అర్థం తప్ప అందులో జంతువు లేదు, కెమెరా అసలే లేదు. అవి రెండూ తర్వాత వచ్చి చేరాయి. ఎలా చేరాయో వెతుక్కుంటూ పోతే, నేను చేరింది ఆఫ్రికాకి కాదు, వరంగల్ జిల్లా నెక్కొండకి.

1902 వేసవి. వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో వేటకి వచ్చాడు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు: కర్జన్, భార్య మేరీ నిలబడి ఉంటారు, వాళ్ల ముందు నేల మీద చచ్చిన పులి. తీసింది రాజా దీన్‌దయాళ్ స్టూడియో.

దీన్‌దయాళ్ ఒకరకంగా మనవాడే. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేస్తూ ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. చివరికి ఉద్యోగం వదిలేశాడు. (మనలో సగంమంది కల!) 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం ఇచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు, జంగ్ అంటే యుద్ధం. వేట ఫోటోలు తీసేవాడికి ఇంతకన్నా సరిపోయే బిరుదు ఇంకోటి ఉండదు.

కర్జన్ ఫోటోలో పులి చచ్చి ఎందుకుంది? అహంకారం అనేది సులువైన జవాబు. అది నిజమే. కానీ నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది, అది పూర్తిగా సాంకేతికం. దీన్‌దయాళ్‌ది గాజు పలకల కాలం. కెమెరాని స్టాండు మీద నిలబెట్టాలి, పలక ఎక్కించాలి, ఎదుట ఉన్నవాళ్లు కదలకుండా ఉండాలి. 1878లో మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని పట్టుకున్నాడు గానీ, అందుకు వరసగా కెమెరాలు పెట్టి, గుర్రం ఎటు పోవాలో ముందే నిర్ణయించాల్సొచ్చింది. అడవిలో, చెట్ల నీడలో, ఎటు పోతుందో తెలియని పులి ఆ పలక మీద ఒక మసక గీత కూడా కాదు. అంటే ఫోటో దిగడానికి ఆ రోజుల్లో పులికి ఉన్న అర్హత ఒకటే: చచ్చి ఉండటం. తుపాకీ ఆ కెమెరాకి శత్రువు కాదు, దాని షట్టర్.

ఇక నేను ఉండే వైపుకి వస్తా. గచ్చిబౌలి నుంచి కాస్త దూరం పోతే బీజాపూర్ రోడ్డు, దాని మీద మొయినాబాద్, చేవెళ్ల. మన్నెగూడ దగ్గర వికారాబాద్ వైపు తిరిగి ఇంకా ముందుకి పోతే తాండూరు. ఇప్పుడు తాండూరు అంటే నాపరాళ్లు, కందిపప్పు. 1893 జనవరిలో అది పులుల వేట కోసం డేరాలు వేసిన చోటు. ఆ అతిథి ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్. అవును, ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత సరాయెవోలో ఎవరి హత్యతో మొదటి ప్రపంచయుద్ధానికి నిప్పు అంటుకుందో, ఆయనే. తను చంపిన ప్రతి జంతువునీ లెక్క రాసుకునే అలవాటు ఆయనకి. ఆ లెక్క జీవితం మొత్తం మీద 2,70,000 దాటింది. ఇది వేట కాదు, డేటా ఎంట్రీ.

పులివేటలో చాలావరకు అతిథి చేసే పని తక్కువ. ఎరగా దూడని కట్టేవాళ్లు వేరే, పులి అడుగులు చూసి జాడ చెప్పేవాళ్లు వేరే. తెల్లారాక డప్పులు కొడుతూ, అరుస్తూ, అడవిని ఒక వైపు నుంచి తోసుకొచ్చేవాళ్లు వందల మంది. దీన్నే హాకా అనేవాళ్లు. ఊళ్లోకి అధికారి వస్తే కోడి, పాలు, కట్టెలు, మూటలు మోసే మనిషి అన్నీ వెట్టిగా సమర్పించుకోవాల్సిన రాజ్యం అది. పులి ఎదురు తిరిగితే ముందు చచ్చేది కూడా ఆ కాలినడక మనిషే. చివర్లో ఫోటో తీసేటప్పుడు వాళ్లు పక్కకి తప్పుకోవాలి, లేదా పేరు లేకుండా వెనక నిలబడాలి. అదే దీన్‌దయాళ్ స్టూడియో ఆ సంవత్సరాల్లోనే నిజాం రాజ్యంలోని కరువు సహాయ పనుల్నీ ఫోటోలు తీసింది. అక్కడ మాత్రం బక్కచిక్కిన జనం ఫ్రేము నిండా ఉంటారు. ఎవరు ఎప్పుడు ఫ్రేములో ఉండాలో నిర్ణయించింది కెమెరా కాదు, ఆల్బమ్ చేయించుకున్నవాళ్లు.

చీతా కథ ఇంకా విచిత్రం. సంస్కృతంలోని చిత్రక నుంచి ఆ పేరు వచ్చింది, మన చిత్రం అన్న మాటా ఆ పక్కదే. దక్కన్ బయళ్లలో కృష్ణజింకల మీదికి వదలడానికి రాజులు వీటిని పెంచుకునేవాళ్లు. బంధించాక అవి దాదాపుగా పిల్లల్ని కనవు కాబట్టి ప్రతిసారీ అడవి నుంచే పట్టుకురావాలి. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఇక్కడ దొరకడం తగ్గిపోయి, కొల్హాపూర్ లాంటి సంస్థానాలు ఆఫ్రికా నుంచి తెప్పించుకున్నాయి. 1947లో మధ్యభారతంలోని కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడు చీతాల్ని కాల్చాడు. ఈ దేశంలో ఆఖరివిగా చెప్పుకునేవి అవే. మనకి మిగిలిన ఆధారం ఏమిటంటే, తుపాకీ పట్టుకున్న మనిషి, ముందు మూడు శవాలు ఉన్న ఒక ఫోటో. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి ఎనిమిది చీతాల్ని విమానంలో తెచ్చి కూనోలో వదిలారు. దింపిన రోజు ఎన్ని కెమెరాలో గుర్తుంది కదా.

ప్రాణమున్న జంతువు ఫోటోలోకి వచ్చింది ఫ్లాష్ వచ్చాక. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ వేటగాడు షిల్లింగ్స్ రాత్రిపూట తీసిన బొమ్మల పుస్తకం 1905లో వచ్చింది. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ జార్జ్ షిరాస్ ఫోటోలు 74 ఒకేసారి వేసింది. మన దేశంలో అటవీ అధికారి ఛాంపియన్ అడవిలో తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగేలా అమర్చాడు. ఆయన పుస్తకం 1927లో వచ్చింది. నాకు వీళ్లందరిలో ఛాంపియన్ ఇష్టం. పులి తన ఫోటో తనే తీసుకుంటుంది, మనిషి అక్కడ ఉండనే ఉండడు. ఇవాళ అమ్రాబాద్‌లో చారల్ని బట్టి పులుల్ని లెక్కపెట్టే కెమెరాలు ఆ తీగకి మనవలు.

మనకి వన్యప్రాణి చట్టం 1972లో, కెన్యాలో వేట నిషేధం 1977లో వచ్చాయి. తుపాకీ పోయి కెమెరా మిగిలింది. హాకా పోయిందా అంటే, నాకు నమ్మకం లేదు. టాంజానియాలో సెరెంగెటీ నుంచి మసాయిల్ని 1959లో బయటికి పంపారు. మన ఫోటోల్లో ఆ గడ్డి అంత ఖాళీగా కనిపించడానికి అదీ ఒక కారణం. మారాలో ఒక చీతా చుట్టూ పది పదిహేను జీపులు చేరడం నేను కళ్లారా చూశాను. అవేవీ ఎవరి ఫోటోలోనూ పడవు, అందరం వాటిని తప్పించే కోణం కోసమే వెతుక్కుంటాం. 2018లో అచ్చైన ఒక పరిశోధన ప్రకారం, మారాలో టూరిస్టులు ఎక్కువగా తిరిగే చోట తల్లి చీతా సగటున పెంచి పెద్దచేసే పిల్లలు 0.2. తక్కువగా తిరిగే చోట 2.3. షట్టర్ శబ్దానికి జంతువు చావదు, నిజమే. కానీ ఈ అంకెలు చూశాక నా మారా ఫోల్డర్ తెరవడం కాస్త కష్టమైంది.

మారా విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. చిలుకూరులో 1994లో ఏర్పడ్డ మృగవని జాతీయ పార్కుది 3.6. ఎక్కువమంది దాని పక్కనుంచే బాలాజీ గుడికి వెళ్లొస్తారు గానీ లోపలికి పోరు. చుక్కల దుప్పులు, కణుతులు, నెమళ్లు ఉన్నాయి. చుట్టూ మాత్రం ఫామ్‌హౌస్‌లు, ఇంజనీరింగ్ కాలేజీలు. ఆ మాత్రమైనా మిగలడానికి అడవి మీద ప్రేమకన్నా తాగునీటి మీద భయం ఎక్కువ సాయం చేసిందని నా అనుమానం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల కోసం 1996లో 111 జీవో వచ్చి 84 ఊళ్లలో పెద్ద కట్టడాల్ని ఆపింది. ఆ నీళ్ల అంచునే చలికాలం ఫ్లెమింగోల కోసం మనవాళ్లు లెన్సులతో కూర్చుంటారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షల్ని ఎత్తేసింది.

బీజాపూర్ రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు చేవెళ్ల దాకా ఉన్న మర్రిచెట్లని, సుమారు 900, కొందరు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, జీపీఎస్‌లో గుర్తుపెట్టి, గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లారు. ఈ దారిలో నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చిన ఫోటోగ్రఫీ అదే. లైకుల కోసం కాదు, సాక్ష్యం కోసం తీసింది.

ఇంకో బొమ్మ కూడా ఉంది. 2020 మే, లాక్‌డౌన్ రోజులు. కాటేదాన్ దగ్గర హైవే మీద పట్టపగలు ఒక చిరుత పడుకుని ఉంది. జనం ఫోన్లలో తీశారు, అటు లారీలు, ఇటు డివైడర్, వణికిపోతున్న వీడియో. లెన్సు అద్దె లేదు, కోణం లేదు, పక్కనున్న మనుషులందరూ ఫ్రేములోనే ఉన్నారు. తర్వాత అది తప్పించుకుని నెలల తరబడి ఎవరికీ చిక్కలేదు. అక్టోబర్‌లో రాజేంద్రనగర్ వైపు బోనులో పడింది.