సామాజిక ఆరోగ్య శిక్షణ (షోలాపూర్ నేతపేటలు)

జబ్బు మూలాలను ఇల్లు, కూలి, నీళ్లు, కులం, స్త్రీల స్థితి వంటి వాటిలోనూ వెతకడం ఆశా కార్యకర్తలకు నేర్పే శిక్షణ. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 1000–2500 జనాభాకు ఒక ఆశాను, 50–100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితిని నిర్దేశించింది.

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు పేటల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు పద్మశాలీలు చాదర్లు, టవళ్లు నేస్తారు; ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుడతారు. మరమగ్గం మోత, నూలు ధూళి, చేటలో పొగాకు, పక్కనే పసిబిడ్డ. అక్కడ దగ్గుమందు ఇచ్చి వెళ్లిపోతే సగం పనే. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు కనుక ఆసుపత్రికి వెళ్లిన పూట రాబడి తగ్గుతుంది. పేటలో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. రెండూ వచ్చిన ఆశా ఉండడం చాలా ముఖ్యం. నివాసమూ ఆరోగ్య విషయమే: 2006లో షోలాపూర్ దగ్గరి కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ దక్కింది.