గడప నుంచి సంత దాకా



ఈనాటి ప్రసంగం చరిత్రకు సంబంధించినదే గాని, యుద్ధాల చరిత్ర కాదు. ఇంట్లో నలుగురున్నా ఒంటరిగా కుంగిపోయే మనిషి గురించి, గడప దాటాలంటే కాళ్లు వణికే మనిషి గురించి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటివారుంటే వారిని కూడా రేడియో దగ్గరకు పిలవండి. ఆ మనిషి మీరే అయితే ఈ పది నిమిషాలూ మీ కోసమే అనుకోండి.

16వ శతాబ్దంలో విజయనగర ప్రభువుల తరఫున వచ్చిన విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యానికి పునాది వేశాడు. ఆ కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చి మధుర చుట్టుపక్కల పాళెములలోనూ, కోయంబత్తూరు నల్లరేగడి నేలల్లోనూ స్థిరపడ్డాయి. ఈ ఇళ్లలో నేటికీ తెలుగు మాట్లాడతారు. చదవడం, రాయడం మాత్రం చాలామందికి తమిళంలోనే. బడి భాష తమిళం, బజారు భాష తమిళం. ఏడుపు మాత్రం తెలుగులో. మనసు బాగాలేనప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో కాసేపట్లో చెబుతాను.

మధుర నాయకులలో రాణి మంగమ్మ పేరు మీరు వినే ఉంటారు. 1682లో ఆమె భర్త చొక్కనాథ నాయకుడు కన్నుమూశాడు. సుమారు ఏడేళ్లకు కొడుకు ముత్తు వీరప్ప మశూచికంతో పోయాడు. అప్పటికి కోడలు ముత్తమ్మ గర్భవతి. భర్తతోపాటే పోతానని పట్టుబట్టిన ఆమెను అత్తగారు బతిమాలి ఆపింది. మగబిడ్డ పుట్టాడు. కాని ఆ తల్లి కొద్ది రోజులకే ప్రాణం విడిచిందని మధుర చరిత్రలు చెబుతాయి. అంతఃపురం నిండా దాసీలు, వైద్యులు, బంధువులు. అయినా ఆ పిల్ల దుఃఖంలోకి ఎవరూ వెళ్లలేకపోయారు. చుట్టూ మనుషులు ఉండటం వేరు, తోడు ఉండటం వేరు. పురిటి తరవాత వచ్చే కుంగుబాటును నేటి వైద్యులు జబ్బుగా గుర్తించి నయం చేస్తారు. ఆనాడు దానికి మందూ లేదు, పేరూ లేదు.

పసివాడైన మనవడి పేరు మీద 1689 నుంచి పదిహేనేళ్లకు పైగా మంగమ్మ రాజ్యం నడిపింది. ఆమెను ప్రజలు ఈనాటికీ తలచుకునేది రోడ్ల వల్ల. రోడ్డుకు ఇరుపక్కలా చెట్లు, అక్కడక్కడ నీళ్లు, మజిలీకొక సత్రం. మధుర రైల్వే స్టేషను ఎదుట మంగమ్మ సత్రం పేరు నేటికీ వినిపిస్తుంది. ఆ ఏర్పాటు గురించి ఒక్కసారి ఆలోచించండి. కన్యాకుమారి దాకా నడవాలంటే ఎవరికైనా గుండె జారుతుంది. తరవాతి సత్రం దాకా నడవమంటే నడుస్తారు. దారి తగ్గలేదు, మజిలీలు వచ్చాయి, అంతే.

ఇప్పుడు కాసేపు జర్మనీ వెళదాం. 1871లో బెర్లిన్‌లో వెస్ట్‌ఫాల్ అనే వైద్యుడు ముగ్గురు రోగుల గురించి రాశాడు. ఖాళీ మైదానం, జనంలేని వీధి దాటాలంటే వారికి గుండె దడ, వణుకు. ఆయన దానికి అగొరాఫోబియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో అగొరా అంటే జనం కూడే చోటు, మన సంత. ఆయన గమనించిన సంగతి ఇంకొకటి ఉంది. పక్కన ఒక మనిషి నడిస్తే ఆ భయం తగ్గేది.

ఈ భయానికి ఒక్కోసారి కారణం కళ్లెదుటే ఉంటుంది. 1998 ఫిబ్రవరి 14న కోయంబత్తూరులో జరిగిన వరుస పేలుళ్లలో 58 మంది చనిపోయారు. అలాంటి రోజు తరవాత బజారంటే భయపడటం సహజమే. కాని భయం కారణం పోయాక కూడా మిగిలిపోతే, లేదా ఏ కారణమూ లేకుండానే వస్తే, అది చికిత్స చేయవలసిన జబ్బు.

నా సంగతి చెబుతాను. మా అమ్మ పోయిన ఏడాది, బడికి వెళ్లడానికి బస్‌స్టాపులో నిలబడి ఉండగా ఊపిరి ఆడలేదు. గుండెపోటు అనుకున్నాను. పరీక్షల్లో గుండె బాగానే ఉందన్నారు. మర్నాడు బస్‌స్టాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఆ తరవాత వీధి చివర నుంచి, ఆ తరవాత గుమ్మం నుంచి. సెలవు పెట్టి మూడు నెలలు ఇంట్లోనే ఉన్నాను. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనిలా ఉండేది.

చివరకు మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లారు. రెండు భాషల్లో పాఠాలు చెప్పే నాకు ఆరోజు తమిళ మాట ఒక్కటీ దొరకలేదు. దిగులు అన్నాను. ఆయన దాన్ని తమిళంలోని దిగిల్ అనుకున్నారు, అంటే హడలు. తరవాత ఆలోచిస్తే ఇద్దరం అన్నదీ నిజమే. నాకు రెండూ ఉన్నాయి.

ఆయన మందు ఇచ్చారు, మజిలీలు కూడా చెప్పారు. మొదటి వారం ఇంటి ముందు తిన్నె మీద కూర్చోవడం. పక్కింటి అవ్వ రోజూ వచ్చి కూర్చునేది. ఎందుకిలా ఉన్నావని అడగలేదు. "ఏమ్మా, ఈరోజు ఇంతదాకా వచ్చావు, చాల్లే" అనేది. తరవాత వీధి చివర వినాయకుడి గుడి. తరవాత బస్సు ఎక్కకుండా బస్‌స్టాపులో నిలబడటం. తరవాత ఒక్క స్టాపు ప్రయాణం. ఆఖరున వారపు సంత. మొదట అవ్వతో, తరవాత ఒంటరిగా.

ఇందులో కిటుకు ఒక్కటే. భయం అల లాంటిది, పెరిగి తగ్గుతుంది. పెరిగినప్పుడే పారిపోతే, పారిపోవడం వల్లనే బతికామని శరీరం నేర్చుకుంటుంది. తగ్గేదాకా నిలబడితే, అక్కడ ప్రమాదం లేదని నేర్చుకుంటుంది. కుంగుబాటులోనూ అంతే. మనసు బాగుపడ్డాక పని చేద్దామనుకుంటే ఆ రోజు రాదు. వేళకు స్నానం, వేళకు తిండి, కాస్త నడక ముందు మొదలుపెడితే మనసు మెల్లగా వెంట వస్తుంది.

దీన్ని గాలి సోకిందనీ, సోమరితనమనీ అనకండి. గుడికి వెళ్లండి, డాక్టరు దగ్గరకూ వెళ్లండి. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఎవరినీ గొలుసులతో కట్టరాదని చెబుతోంది, చికిత్స పొందడం హక్కు అంటోంది. దిగులు రెండు వారాలు దాటినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు. తమిళంలోనూ మాట్లాడవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఏడుపు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే చెప్పుకోండి.

ఇక మీ పక్కింట్లో తలుపు చాలా రోజులుగా మూసి ఉందా? సలహాలు పట్టుకుని వెళ్లకండి. సాయంత్రం వారి తిన్నె మీద కాసేపు కూర్చోండి. మంగమ్మ సత్రాలు కట్టించింది. మనం ఒక మనిషికి ఒక మజిలీ కాగలిగితే చాలు.