ఉద్దానం వలస: నవలకెక్కినదెంత?

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం నుంచి వలస నిన్నమొన్నటి సంగతి కాదు. బ్రిటిష్ కాలంలో బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడలెక్కి బర్మాలోని రంగూను వెళ్ళిన కూలీలు అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకున్నారు. 1942 మార్చిలో రంగూను జపాను వశమయ్యాక వేలమంది అడవిదారుల్లో కాలినడకన తిరిగొచ్చారు. విశాఖలోని బర్మాక్యాంపు పేరు ఆ బర్మా బంధాన్ని నేటికీ గుర్తుచేస్తుంది.

తెలుగు నవల పట్నంలో చితికిన మనిషిని పట్టించుకున్నది తర్వాతే. 1950ల మొదట్లో రావిశాస్త్రి ‘అల్పజీవి’ రాశారు. ఆయన శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా స్థిరపడినవారు. నవలలో గుమాస్తా సుబ్బయ్య బావమరిది కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకుని, ఆ తర్వాత అతన్ని తలుచుకుంటేనే వణికిపోతాడు. నెలజీతం ఉన్నా అతనికి తనమీద తనకు నమ్మకం లేదు. లేమి జేబులోంచి మనసులోకి పాకింది.

ఊళ్ళో బతుకు ఎందుకు తెగిపోతుందో కారా (కాళీపట్నం రామారావు) ‘యజ్ఞం’ (1964) కథ చెప్పింది. అప్పుకింద బిడ్డల బతుకులు కూడా తాకట్టుపడే స్థితిలో సీతారాముడు కన్నకొడుకునే నరికేస్తాడు. 1969లో అచ్చయిన నవీన్ ‘అంపశయ్య’ పల్లె నుంచి ఉస్మానియా హాస్టలుకు చేరిన రవి మనసులో ఒక్కరోజు సాగిన అలజడి. ఇంటి పేదరికం, చదువు, రేపటి భయం కలిసి ‘నేనెందుకు బతుకుతున్నాను’ అన్న ప్రశ్నగా మారతాయి.

సుబ్బయ్యా రవీ ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకుని పలాసలో రైలెక్కే కూలీకి ఆ స్థాయి అంతరంగం మన నవల ఇంకా ఇవ్వలేదు. అతణ్ణి రైలెక్కించే కష్టాలకు మాత్రం కొదవ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పు వడ్డీ అన్నాళ్ళు ఆగదు. అదే ఏడాది నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ ఉదంతం 2025లో ‘తండేల్’ సినిమాకు ఆధారమైంది.

కూలికెళ్ళినవాడికి ఆకలి ఉంటుందని మన సాహిత్యం ఒప్పుకుంది. ఆలోచన కూడా ఉంటుందని ఒప్పుకోవలసి ఉంది. పలాస స్టేషనులో అన్ననో తమ్ముణ్ణో రైలెక్కించి వచ్చిన ఉద్దానం యువ రచయితలే ఆ నవల రాయాలి.