సంఘం పుస్తకంలో లేని అమ్మమ్మ

అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆమె జీవిత చరిత్ర చదివారు. అరపేజీ ఉంది. ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య, ఐదుగురు బిడ్డల తల్లి, ప్రార్థనాపరురాలు, సంఘానికి నమ్మకమైన సభ్యురాలు, తొంభై ఏళ్ళు దాటి ప్రభువునందు నిద్రించారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ వింటూ ఉంటే, ఈ అరపేజీ మా వీధిలో ఏ ముసలమ్మకైనా సరిపోతుంది కదా అనిపించింది. ముప్పై ఏళ్ళు బైబిలు ఉమన్‌గా ఊళ్ళు తిరిగిన మనిషి అందులో ఎక్కడా లేదు.

ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో పెరిగినవాళ్ళకి బైబిలు ఉమన్ అంటే చెప్పక్కర్లేదు. తెల్లచీర, చేతిసంచీ, అందులో బైబిలు, పాటల పుస్తకం, ఒక పలక. పలక ఎందుకంటే, వాక్యం చదవాలంటే ముందు అక్షరాలు రావాలి. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళని దీపం దగ్గర కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేది. కాన్పు కష్టమైతే బండి కట్టించి మిషను ఆసుపత్రికి తీసుకుపోయేది. దీనికంతా ఆమె కిచ్చిన జీతం పాస్టరుగారి జీతంలో సగం కూడా కాదని అమ్మ చెప్పేది. చర్చి ఖర్చుకి ఆధారం మాత్రం పిడికిటి బియ్యం. వంటకి బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం తెచ్చి ఇవ్వడం. ఆ పిడికిలి ఎవరిది? ఆడవాళ్ళదే. లెక్క రాసింది మగవాళ్ళు. మా సంఘం పాత పుస్తకాల్లో బియ్యం తూకం ఉంది గానీ ఇచ్చినవాళ్ళ పేర్లు లేవు.

ఇది మా ఒక్క సంఘం సంగతి కాదు. ఒంగోల్లో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జువెట్ దొర దానిమీద ప్రార్థన చేశాడని చిన్నప్పట్నించీ విన్నాను. ఆ రోజు కొండెక్కింది ఐదుగురు. జువెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అంటే ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. జూలియా, రూతుల పేర్లు నాకు మొదట చెప్పింది సండేస్కూలు టీచరు కాదు, అమ్మమ్మ. వాళ్ళు తన సొంత పిన్నమ్మలైనట్టు చెప్పేది. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్యను మాదిగల్లో తొలి విశ్వాసిగా అందరూ తల్చుకుంటారు. ఆయనతోపాటే నీళ్ళలోకి దిగిన భార్య నాగమ్మని తల్చుకునేవాళ్ళు తక్కువ.

1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కరువు సాయం కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. చరిత్ర పుస్తకాల్లో ఈ అంకె తప్పకుండా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం అంకె లేదు, మట్టి తట్ట ఉంది. అమ్మమ్మ వాళ్ళ నాయనమ్మ పదేళ్ళ పిల్లగా ఆ కాలవ గట్టున తట్టలు మోసిందట. "తట్ట మోస్తే కూలి చేతికిచ్చారంట, దోసిట్లోకి పైనుంచి పడెయ్యలా" అని చెప్పేదట. మావాళ్ళు ఎందుకు మతం మారారని ఎవరైనా అడిగితే నేను ఈ మాటే చెబుతాను.

అమ్మమ్మ పోగొట్టుకున్నదీ ఉంది. మాతంగి కథలు, కొలుపు పాటలు ఆమె నోట నేను వినలేదు. కొలుపు డప్పు వినిపిస్తే తలుపు మూసేది. "అవి మనకొద్దమ్మా" అనేది. చివరికి ఆ కథలు నాకు దొరికింది క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకంలో. అంతకు ముందు ఏడాదే ఆమె మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం వేసింది. స్త్రీల హక్కుల గురించి రాసిన చేత్తోనే మాదిగల కథలూ రాసుకుంది. మా కథలు ఒక దొరసానమ్మ దాచితే నాకు అందాయి. దాచమని మా అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదు, మర్చిపొమ్మని మాత్రం చెప్పారు. ఈ బాధ నాకింకా తీరలేదు.

అలాగని ఆమె చెప్పిందల్లా వినే మనిషి కాదు. ఒకసారి మా వీధిలో ఒక పిల్ల, మొగుడు కొడితే నెత్తురుతో చర్చి దగ్గరికొచ్చింది. అతనికి వేరే సంసారం కూడా ఉంది. సంఘ పెద్దలు కూర్చుని, భార్యలు లోబడి ఉండాలని వాక్యం చెప్పి పంపబోయారు. ప్రభువు బల్ల గిన్నెలు కడుగుతున్న అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కొట్టిన చెయ్యికి ముందు వాక్యం చెప్పండయ్యా, తర్వాత ఈ పిల్లకి చెబుదురు" అంది. ఆ పిల్ల ఏడాదిపాటు మా ఇంట్లోనే ఉంది. అప్పటికి 1869 నాటి విడాకుల చట్టమే నడుస్తోంది. భార్య వ్యభిచరించిందని చూపిస్తే భర్తకి విడాకులు వచ్చేవి. అదే భార్య అడిగితే భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో కూడా రుజువు చెయ్యాలి. ఆ తేడా 2001 సవరణతో గానీ పోలేదు. అమ్మమ్మకి చట్టం తెలియదు. అన్యాయం తెలుసు. ఆ తర్వాత కూడా ఆమె గిన్నెలు కడుగుతూనే ఉంది, బల్ల దగ్గర వడ్డించే చోటు మాత్రం రాలేదు. 2013లో సి.ఎస్.ఐ. సంఘంలో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ అయ్యారని పేపర్లో చదివి వినిపిస్తే, మా సంఘం వేరైనా, "ఇప్పటికైనా!" అని ఒక్కమాట అని నవ్వింది.

ఇంత చెప్పీ ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమెకి రెండు పేర్లు. చర్చిలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులమైన మమ్మల్ని బీసీ-సీలో పెట్టారు, ఒక శాతం. మతంతో ముడిపెట్టొద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో కేంద్రం మళ్ళీ ఇంకో కమిషన్ వేసింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మా వీధి ఊరి మధ్యకి జరగలేదు, బావి దగ్గర మాటా మారలేదు. అందుకే మా వీధిలో చాలామంది రెండు పేర్లతో బతుకుతారు. సమాధి మీద ఏ పేరు చెక్కించాలని మా ఇంట్లో గొడవైంది. చర్చి పేరే ఉండాలని అమ్మ పట్టు. దాన్ని ఎవరైనా ఫోటో తీసి ఆఫీసుకి పంపితే పిల్లల ఉద్యోగాలు ఏమౌతాయని మామయ్య భయం. ఇద్దరిదీ న్యాయమే. జీవితమంతా సాక్ష్యం చెప్పిన మనిషికి తన సమాధి మీద తన పేరు ఉంచుకునే ధైర్యం లేకుండా చేసిన దేశం మనది.

చివరికి పేరు లేకుండానే రాయి వేశాం. పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద 'బైబిలు ఉమన్' అని. ఆ మాట చెక్కించాలని పట్టుబట్టింది నేను. పోయిన నెల సంఘ కార్యదర్శిని అడిగి, పాత పుస్తకం వెనక ఖాళీ కాగితాల మీద పిడికిటి బియ్యం తెచ్చిన ఆడవాళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాను. మా వీధి ముసలమ్మలు గుర్తుచేసుకుని చెబుతున్నారు. ఇప్పటికి నలభై ఒక్క పేర్లొచ్చాయి. అన్నీ చర్చి పేర్లే. బయటికి చూపించకుండా రాసుకో అన్నారు. అలాగే రాస్తున్నాను.