గురికి కుదురు

మన భాషలో 'గురి' అన్న మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. బాణానికో తుపాకికో ఎదుట నిలిచిన లక్ష్యం ఒకటి, నమ్మకం మరొకటి. "ఆ వైద్యుని మీద నాకు గురి" అంటాము. తుపాకి మీద దుర్భిణిని అమర్చడమనే చిన్న పనికి గల చరిత్రను చదువుతూంటే ఈ రెండర్థాలూ ఒకచోట చేరినట్లు తోచింది. మా కోటబొమ్మాళి చుట్టుపక్కల నుండి సైన్యంలో చేరినవారు తక్కువేమీ కాదు. ఆయుధమెరుగని నాబోటి భాషాపండితునికి వారి మాటల వల్లనే ఈ విషయంపై ఆసక్తి కలిగింది. అందుకే ఈ టపా.

ముందుగా ఒక మాట కావాలి. దుర్భిణిని తుపాకికి పట్టి ఉంచే ఉక్కు అమరికను ఆంగ్లంలో 'మౌంటు' అంటారు. గుండ్రని అడుగు గల కుండ దొర్లకుండా దాని కింద పెట్టే గడ్డిచుట్టను మనం 'కుదురు' అంటాము. కుదరడం, కుదురుగా ఉండడం అన్నవి దాని చుట్టాలే. కనుక మౌంటును కుదురు అనే పిలుస్తాను.

దుర్భిణికి కుదురు ఎంత ముఖ్యమో ఉత్తరాంధ్ర ఎరిగినదే. మదరాసు నక్షత్రశాలలో టి. జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించిన గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుండే పరిశీలించారు. అటువంటి చోట కుదురు నేలలో పాతుకొని కదలక నిలుస్తుంది. తుపాకి సంగతి వేరు. ఇక్కడ కుదురు నిలిచే నేలే ప్రతి కాల్పుకూ వెనక్కు తన్నుతుంది.

ఆ తన్నుకు కుదురు ఏ కొంచెం జరిగినా ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. దుర్భిణిని పట్టిన రెండు ఆధారాల నడుమ దూరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. అందులో ఒకటి మిల్లీమీటరులో పదోవంతు పక్కకు జరిగితే, 300 మీటర్ల దూరాన గురి 30 సెంటీమీటర్లు తప్పుతుంది. వెంట్రుకవాసి పొరపాటు అక్కడికి చేరేసరికి అడుగు ఎడమవుతుంది. అద్దం ఎంత నిర్మలమైనా ఈ దోషాన్ని తీర్చలేదు.

ఈ చిక్కును తొలినాళ్లలో ఎదుర్కొన్నవారిలో బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్ డేవిడ్‌సన్ ఒకరు. 1860ల ఆరంభంలో వెలువడిన ఆయన దుర్భిణిని, ఆరుపలకల గొట్టం గల విట్‌వర్త్ తుపాకికి ఎడమ పక్కన బిగించేవారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాళ్లు కొందరు దీనినే వాడారు. కన్ను అద్దానికి దగ్గరగా పెట్టినవారికి ఆ తన్నుతో కంటి చుట్టూ నల్లగా కమిలేదట.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషువారు కూడా దుర్భిణిని ఎడమ పక్కకే జరిపారు. కారణం ఉంది. లీ-ఎన్‌ఫీల్డు తుపాకిలోకి ఐదేసి తూటాల పట్టీని పైనుండి దించాలి. నడుమ దుర్భిణి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. కాని కందకంలో ఇనుపరేకు సందులోంచి కాల్చవలసివచ్చినప్పుడు, గొట్టం సందులో ఉంటే దుర్భిణికి రేకే కనిపించేది. గురికాళ్లకు శిక్షణ నిచ్చిన హెస్కెత్-ప్రిచర్డ్ 1920లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ అమరికను తప్పుపట్టాడు. దుర్భిణి గల తుపాకులెన్నో గురి తప్పి ఉండగానే సిపాయిల చేతిలో ఉండేవని కూడా చెప్పాడు. తూటాలు నింపే వేగాన్ని ఎంచుకున్నవారు చూపును కొంత వదులుకున్నారన్నమాట.

రెండవ ప్రపంచయుద్ధంలో ఎంపిక తారుమారైంది. నంబర్ 4 (టి) తుపాకులను 1942 నుండి హాలండ్ అండ్ హాలండ్ సంస్థ సిద్ధం చేసింది. ఎడమ పక్కన రెండు మెత్తలు, వాటికి రెండు పెద్ద మరలతో బిగిసే కుదురు, దుర్భిణి మాత్రం గొట్టానికి పైన. తూటాల పట్టీ సౌకర్యం పోయింది. కన్ను ఎత్తుకు చేరింది గనుక చెంప ఆనడానికి మడమ మీద చెక్కదిమ్మ చేర్చారు. అన్నిటికన్నా నన్ను ఆకర్షించినది వేరొకటి. తుపాకి సంఖ్యను కుదురు మీద, దుర్భిణి సంఖ్యను తుపాకి చెక్క మీద చెక్కేవారు. ఒకదాని జోడు మరొకదానికి కుదరదు. విప్పి తిరిగి బిగించినా పాత చోటికే వస్తుందన్న గురి ఉండాలంటే ఆ జత విడిపోరాదు.

దుర్భిణి లేని గురి మాట కూడా చెప్పాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుండి అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులు తీసుకున్నది. అవి సాదా పోలీసు తుపాకులు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన దేశీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను మాత్రమే కొట్టారు. దారి వంపు ఎక్కడో, పొద ఎంత దట్టమో పుట్టుక నుండి ఎరిగిన కన్నుకు ఆ కొండే కుదురు. దానికి తోడు నాయకుని మీద మన్యపు జనానికి గురి ఉన్నది. 1924 మే 7న ఆ నాయకుడూ తుపాకికే బలయ్యాడు.

గురి ఎటువైపునున్నా దాని చివర ఒక మనిషి నిలిచి ఉంటాడు. అంతటి భారాన్ని మోసేది రెండు మరలు, ఒక ఉక్కుముక్క. చరిత్ర గ్రంథాలు అద్దాన్ని పొగుడుతాయి, తుపాకి పేరు చెబుతాయి. ఆ ముక్కను ఆకురాయితో అరగదీసి కుదిర్చిన పనివాని పేరు చెప్పవు. మౌంటుకు 'కుదురు' సరిపోయిందో లేదో, ఇంతకన్నా మేలైన మాట ఉన్నదో, మిత్రులు తెలుపగోరుతాను.